పల్లి చేనులో అడవిపందులు: .315 రైఫిల్ తీసుకోవాలా, ఉన్న డబుల్ బ్యారెల్ చాలా?

పల్లిరైతు, కల్వకుర్తి

అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. యాసంగికి నాలుగెకరాల్లో పల్లి వేశాను. ఊడలు దిగి కాయ పట్టేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మూడు రాత్రుల్లో ఒక ఎకరం పోయింది. పందులు సాలు వెంబడి నాగలితో దున్నినట్టే ముక్కుతో తవ్వుకుంటూ పోయాయి. పొద్దున పోయి చూస్తే చెట్లన్నీ వేళ్లు పైకి పెట్టి ఉన్నాయి. ఒక్కో చెట్టుకు ఒకటో రెండో లేతకాయలు మిగిలాయి, అంతే.

మా తాత కొన్న 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల, గుళ్ల తూటాల తుపాకీ) ఇంట్లో ఉంది. లైసెన్సు నాన్న పేరున. ఆయనకు 72 ఏళ్లు, రాత్రి చూపు ఆనడం లేదు. లైసెన్సు నా పేరుకు మార్చుకుని, పనిలో పనిగా ఒక రైఫిల్ కూడా తీసుకుందామని ఉంది. తూటా సైజుల్లో .315 మంచిదా, .30-06 మంచిదా? మా బామ్మర్ది అయితే రైఫిల్ ఎందుకు, పంప్ యాక్షన్ (ముందు పిడి వెనక్కి లాగి తూటా ఎక్కించే తుపాకీ) తీసుకో, ఆపకుండా ఐదు దెబ్బలు వేయొచ్చు అంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

మాజీ హవల్దార్, దేవరకొండ

తమ్ముడూ, నేను మిలటరీలో 22 ఏళ్లు చేసి వచ్చాను. నా దగ్గర .315 ఉంది. పద్నాలుగేళ్లుగా దాన్ని నా చేత్తోనే తుడుచుకుంటున్నాను, అదంటే నాకు ప్రాణం. అయినా నీ చేనుకు రైఫిల్ వద్దనే చెప్తాను.

ముందు ఒక సంగతి తెలుసుకో. తుపాకీ లైసెన్సు వేరు, పందిని కొట్టే అనుమతి వేరు. లైసెన్సు ఉంది కదా అని కొడితే జైలుకు పోతావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ కాగితం మీద అనుమతి ఇవ్వాలి. నిలబడ్డ పంటకు నష్టం జరుగుతోందన్నది ఆ సెక్షన్లో ఒప్పుకునే కారణమే. కాబట్టి ముందు పంట ఫొటోలు తీసి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు. అనుమతి మీద కొట్టినా పంది ప్రభుత్వానిదే. కబురు చేసి అప్పగించాలి, ఇంటికి తెచ్చి వండుకోకూడదు. అచ్చంపేట అవతల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ హద్దులోకైతే తుపాకీతో అడుగే పెట్టొద్దు.

ఇక తూటా. .315 మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. సైన్యం వాడే .303 తూటా బయటివాళ్ల తుపాకుల్లో పట్టకూడదని ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ సైజు తెచ్చారు. .303 ఇప్పటికీ మామూలు లైసెన్సుకు రాదు. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే గడియ) మాత్రం దాని తీరే, ఎన్‌సీసీలో .303 పట్టినవాళ్లకు చెయ్యి అలవాటే. .315 గుండు దాదాపు 16 గ్రాములుంటుంది. వేగం తక్కువ, బరువు ఎక్కువ. వంద గజాల్లోపు పందికి అంతకు మించి అక్కర్లేదు. .30-06 గుండు పది, పన్నెండు గ్రాములే గానీ సెకనుకు 800 మీటర్లు దాటి పోతుంది. అది దూరం దెబ్బకు పనికొచ్చే తూటా. రాత్రి టార్చి వెలుగులో నీకు పంది కనబడేది ముప్పై, నలభై గజాల్లో. అంత తూటా ఏం చేసుకుంటావు?

నాకు జరిగింది చెప్తా. చందంపేట వైపు ఒక పల్లి చేను. అనుమతి కాగితం జేబులో ఉంది. రాత్రి రెండు దాటింది, గట్టు పక్కన కూర్చున్నాను. టార్చి వేస్తే ఒంటి పంది, మగది, పక్కకు తిరిగి నిలబడింది. ముందుకాలు వెనక, కింది మూడో వంతు మీద గురి కుదిరింది. సేఫ్టీ తీశాను, వేలు ట్రిగర్ మీదికి వచ్చింది. అప్పుడు పందికి పైగా, దూరంగా, ఎర్రటి చుక్క ఒకటి వెలిగి ఆరింది. బీడీ. బోరు మోటారు వేయడానికి వచ్చిన పెద్దమనిషి స్టార్టర్ డబ్బా దగ్గర కూర్చున్నాడు. సరిగ్గా నా గురి దారిలో. తుపాకీ దించేసి బోల్టు తెరిచి పెట్టాను. తెల్లారేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పంది తినేసి పోయింది, పోనీ.

రైఫిల్ గుండు తగలకపోతే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. మన దగ్గర ఎటు చూసినా రాతి గుట్టలు, బండలు. బండకు తగిలిందా, ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే నేను మంచె మీదినుంచి, గుండు మెత్తటి మట్టిలోకి దిగేలా ఉంటేనే కొడతాను. నీ చేను చదునుగా ఉండి చుట్టూ బోర్లుంటే 12 బోరే నయం. ఎల్జీ గుళ్లు (12 బోర్ తూటాలోని పెద్ద గుళ్లు) ముప్పై గజాలు దాటితే చెదిరిపోతాయి, అందుకని ఇరవై, ఇరవై ఐదు గజాల్లోకి రానివ్వు. దూరంగా కొడితే పంది గాయంతో పోయి ఒర్రెలో పడుకుంటుంది. పొద్దున గడ్డికి పోయిన ఆడమనిషి మీదికి వస్తుంది.

పంప్ యాక్షన్ చెడ్డది కాదు. కానీ మందలో మొదటి దెబ్బ పడ్డాక రెండోదానికే టైమ్ ఉండదు, ఐదో దెబ్బ ఎవరి మీదికి పోతుంది? డబుల్ బ్యారెల్‌కు రెండు ట్రిగర్లు, రెండు దెబ్బలు చేతిలోనే ఉంటాయి. మడిచి చూపిస్తే లోపల తూటా ఉందో లేదో పిల్లవాడికైనా తెలుస్తుంది. చీకట్లో పదిమంది మధ్య నడిచేటప్పుడు అది చాలా పెద్ద సుఖం.

.315 తీసుకునేవాళ్లకు ఇంకొక మాట. దాని తూటాకు అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) నింపేటప్పుడు పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు కూర్చోవాలి. వెనకబడితే రెండూ పెనవేసుకుంటాయి, బోల్టు తోస్తే కదలదు. ఇంట్లో లైటు కింద డమ్మీ తూటాలతో వందసార్లు చేసి, కళ్లు మూసుకుని చేయగలిగాకే చేనుకు పోవాలి.

కుసుమచేను, వనపర్తి

అన్న చెప్పినదానికి నాదొక మాట. మేము పల్లి చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేస్తున్నాం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన పద్ధతే. ముళ్లు గట్టిపడ్డాక పందులు ఆ పక్క తలపెట్టలేదు. ఒర్రె వైపు పదడుగులు మొలక రాక ఖాళీ పడితే మాత్రం సరిగ్గా అక్కడినుంచే దూరాయి. మక్క చుట్టూ అయితే ఆముదం వేస్తారు. కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టొద్దు, చేతులెత్తి మొక్కుతున్నాను. మా పక్క ఊళ్లో పంది కోసం పెట్టిన తీగకు ఒక తండ్రి పోయాడు. తీగ పెట్టింది ఆయన సొంత తమ్ముడే.

పాత గన్‌షాపు ఉద్యోగి, మహబూబ్‌నగర్

లైసెన్సు గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా వారసుడి పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ నాన్నగారికి 72 కాబట్టి ఆ దారి ఉంది. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, మీరు సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు లైసెన్సు మీద రాదు, ఎవరైనా ఇప్పిస్తానంటే డబ్బులు ఇవ్వకండి. .22 కూడా పందికి తీసుకోవద్దు, గాయపడుతుంది గానీ పడదు.

ఎన్నికలు వస్తే తుపాకీ పోలీస్ స్టేషన్లో పెట్టాల్సి రావచ్చని గుర్తుంచుకోండి. 2023లో అసెంబ్లీ పోలింగ్ నవంబర్ 30న జరిగింది, అది సరిగ్గా పల్లికి కాపలా కాసే కాలం. కుసుమ చెల్లి చెప్పిన కంచె అప్పుడు ఆదుకుంటుంది.

ఇంకోటి, మీ తాతగారి తుపాకీ ఎక్కడిది? పాత ఇంగ్లండు తుపాకుల్లో చాలావాటికి రెండున్నర ఇంచుల (65 మిల్లీమీటర్ల తూటాకు సరిపడే) ఛాంబరే, అంటే తూటా కూర్చునే గదే ఉంటుంది. ఇప్పుడొచ్చే 70 మిల్లీమీటర్ల తూటా అందులో కూర్చుంటుంది కానీ, పేలాక దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలదు. ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టాలు విడదీసి అడుగున చదునుగా ఉన్నచోట ముద్ర చూడండి.

పల్లిరైతు, కల్వకుర్తి

అందరికీ దండాలు. ఇవాళ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని గొట్టాలు విడదీశాం. నూనె, దుమ్ము గట్టిగా పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచాను. 12 అంకె, దాని పక్కన 2½ కనబడ్డాయి. నాన్న ఇన్నేళ్లూ 65 మిల్లీమీటర్ల తూటాలే తెచ్చేవాడట, వాళ్ల నాన్న అలా చెప్పాడని. ఎందుకో ఇద్దరికీ తెలియదు. బామ్మర్ది పోయిన నెల తెచ్చిపెట్టిన పెట్టె మీద 70 అని ఉంది. దాన్ని విప్పలేదు, అలాగే తిప్పి పంపించాను. రైఫిల్ ఆలోచన మానుకున్నాను. రేంజ్ ఆఫీసుకు దరఖాస్తు రాశాను, సోమవారం పోతాను.

మాజీ హవల్దార్, దేవరకొండ

మంచి పని చేశావు తమ్ముడూ. కాల్చే ముందు తుపాకీ మూసి, గొట్టాలు ఒక చేత్తో, బట్ ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. కీలు దగ్గర కొంచెం కదిలినా లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించేదాకా తూటా పెట్టకు. మంచె ఎక్కడ వేస్తావో పగటిపూట ఫొటో తీసి పెట్టు. మోటార్లు, దారులు ఎటున్నాయో చూసి చెప్తాను.