పాత ప్లాస్టిక్‌తో ఇంటి నిండా ఫర్నిచర్: చూపించే పద్ధతి సరైనదేనా?

తూనీగ: ఒక ఇంటినే ప్రదర్శనగా మార్చారు. హాల్లో కుర్చీల నుంచి వంటగది అరల దాకా అన్నీ వాడి పారేసిన ప్లాస్టిక్‌తో చేసినవే. కూర్చోవచ్చు, మంచం మీద వాలొచ్చు, సొరుగులు లాగి చూడొచ్చు. తాడు కట్టి 'ముట్టుకోరాదు' అని రాసిన కుర్చీ కంటే ఇది ఎంతో మేలు అనిపించింది. మీరేమంటారు?

వడ్రంగిపిట్ట: నాకు నచ్చలేదండీ. ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమే. మంచి లైటింగ్‌లో పది కుర్చీలు చూసినవాళ్లు సమస్య తీరిపోయిందనుకుంటారు. పైగా సీసా మళ్లీ సీసా కాగలదు. కుర్చీ అయ్యాక దాని కథ అంతే.

కొలిమి: ఆ చివరి మాట అన్నిసార్లూ నిజం కాదు. నేను చిన్న వర్క్‌షాప్‌లో ఇలా పాత ప్లాస్టిక్ కరిగించి షీట్లు పోస్తాను. కుర్చీ అంతా ఒకే రకం ప్లాస్టిక్ అయి, స్క్రూలతో బిగించి ఉంటే, విరిగాక ముక్కలు చేసి మళ్లీ కరిగించుకోవచ్చు. లోపల చెక్క పెట్టి పైన ఫోమ్ జిగురుతో అంటిస్తే మాత్రం మీరన్నట్టే అవుతుంది.

మా పనిలో సగం ప్లాస్టిక్ రకాలను వేరుచేసి ఏరడమే. షాంపూ డబ్బాలు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్, అడుగున రకాన్ని తెలిపే 2 అంకె ఉంటుంది. మూతలు చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ఇంకో రకం, అంకె 5. మొదటిది 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రెండోదానికి 160 కావాలి. రెండూ కలిపి పోస్తే షీటు పాలరాయిలా మెరుస్తుంది కానీ బరువు పడితే ఆ రెండూ అతకని చోటే చిట్లుతుంది. పీవీసీ కలిస్తే ఇంకా ప్రమాదం, వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది.

ఇక ఇల్లు సంగతి. ప్లాస్టిక్ అర మొదటి రోజు తిన్నగానే ఉంటుంది. పుస్తకాలు పెడితే నెలల తరబడి మెల్లగా కుంగుతుంది, బరువు తీసినా పూర్తిగా పైకి రాదు. ఎండ తగిలే కిటికీ దగ్గర పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది. కొద్దిరోజుల ప్రదర్శనలో ఇవేవీ కనబడవు. అదే ఇంటిని ఏడాది పాటు వాడి, కుంగిన అరను మార్చకుండా అలాగే ఉంచి చూపిస్తే నేను టికెట్ కొనుక్కుని మరీ వెళ్తాను.

వడ్రంగిపిట్ట: ఇన్ని ఇబ్బందులుంటే చెక్కే వాడొచ్చు కదా?

కొలిమి: పొడిగా ఉండే గదిలో చెక్కే వాడండి, నేనూ అదే చెబుతాను. స్నానాల గదిలో పీటకి, ఎండ పడని బాల్కనీలో బల్లకి మాత్రం ఇది బాగుంటుంది. నీరు పీల్చదు, చెద పట్టదు.

నాకు అసలు పట్టింపు లేబుల్ మీద. 2010లో అమెరికా ఫర్నిచర్ కంపెనీ ఎమెకో, కోకా-కోలా కలిసి తెచ్చిన '111 నేవీ' అనే కుర్చీలో కనీసం 111 సీసాల ప్లాస్టిక్ ఉంటుంది. అయినా అది మొత్తంలో 60 శాతమే, మిగతాది గాజు పీచు, రంగు. గాజు పీచు వల్లే అంత గట్టిదనం వచ్చింది, కానీ అది కలిశాక ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ సీసాగా మార్చడం కుదరదు. 'రీసైకిల్డ్' అని ఒక్క ముక్క రాస్తే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది? ఎంత శాతం, ఏ రకం, ఎలా విప్పాలి, ఈ మూడూ ప్రతి వస్తువు కింద రాసి ఉండాలి.

తూనీగ: నేను ఒక్క కుర్చీ కూడా తిరగేసి చూడలేదు. ఆదివారం దాకా ఉందట. మళ్లీ వెళ్లి, కింద స్క్రూలున్నాయో జిగురుందో, అంకె వేశారో లేదో చూసి ఇక్కడే రాస్తాను.