ఫంక్షన్లను లాగ్ (లాగరిథమ్) తీసి పోల్చేటప్పుడు ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జమ్మికుంట. హనుమకొండలో రూమ్ తీసుకుని బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. ఏ ఫంక్షన్ వేగంగా పెరుగుతుందో తేల్చే లెక్కల దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

మొదటిది ఎన్ స్క్వేర్. రెండోది (లాగ్ ఎన్) పవర్ (లాగ్ ఎన్). బేస్ 2 తీసుకుని నోట్‌బుక్‌లో విలువలు వేశాను. ఎన్ 8 అయితే 64, 27. ఎన్ 16 దగ్గర రెండూ 256. ఎన్ 256 దగ్గర మొదటిది 65,536, రెండోది ఏకంగా 1,67,77,216! లాగ్ తీస్తే కారణం కూడా కనబడింది. ఒకవైపు 2 లాగ్ ఎన్, ఇంకోవైపు లాగ్ ఎన్ ఇంటూ లాగ్ లాగ్ ఎన్. లాగ్ లాగ్ ఎన్ 2 దాటగానే రెండోది ముందుకెళ్తుంది. ఇది అర్థమైనప్పుడు చాలా సంతోషమైంది.

అదే పద్ధతి ఎన్ స్క్వేర్, ఎన్ క్యూబ్‌లకు వాడితే 2 లాగ్ ఎన్, 3 లాగ్ ఎన్ వచ్చాయి. పెరుగుదల పోల్చేటప్పుడు ముందున్న స్థిరాంకాలు వదిలేయాలి కదా అని రెండూ సమానమని రాశాను. తప్పయింది. ఎన్, ఎన్ లాగ్ ఎన్ దగ్గరా ఇంతే: లాగ్‌ల నిష్పత్తి 1కి చేరువవుతోంది, కానీ ఎన్ లాగ్ ఎన్ పెద్దదని తెలుసు.

లాగ్ తీశాక నిష్పత్తికి బదులు తేడా చూడాలా? స్థిరాంకాన్ని ఎప్పుడు వదలొచ్చు? సీనియర్లు ఏ ఫంక్షన్ తర్వాత ఏది పెద్దదో ఆ ఆర్డర్ బట్టీ పట్టమంటున్నారు, నాకు కారణం కావాలి. వచ్చే వారమే ఇంటర్నల్స్, టెన్షన్‌గా ఉంది. ఒక చిన్న ఉదాహరణతో చెప్పండి, ప్లీజ్.