లాన్‌లో లద్దె పురుగు: ఏ మందు పనిచేసిందో తేల్చేదెలా?

ప్రశ్న: బెర్ముడా గడ్డి లాన్‌లో లద్దె పురుగు పడింది. బీటీ (బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు), క్లోరాంట్రానిలిప్రోల్ (రసాయన పురుగుమందు) పోల్చి చూడాలి. చచ్చిన పురుగులు గడ్డిలో కనబడవు, లెక్క ఎలా అండీ?

జవాబు: బతికినవాటినే లెక్కపెట్టండి. 4 లీటర్ల నీళ్లలో 30 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు మీటరు మీద పోస్తే 10 నిమిషాల్లో పైకి పాకుతాయి. 2×2 మీటర్ల మడులు ఒక్కో మందుకు 4, వట్టి నీళ్లు కొట్టినవి 4 ఉండాలి. ఏ మడికి ఏదో చీటీలు తీసి తేల్చండి. మందు కొట్టిన 3, 7 రోజులకు లెక్క.

మరో జవాబు: సబ్బునీళ్లు పోసిన చోటే మళ్లీ పోయకండి. అక్కడివి అప్పటికే బయటపడి ఉంటాయి, లెక్క తప్పుతుంది. ప్రతిసారీ మడిలో వేరే మూల తీసుకోండి.

ఇంకొకరు: బీటీ చిన్న పురుగులపైనే బాగా పనిచేస్తుంది, ఎండకు త్వరగా చెడుతుంది కాబట్టి సాయంత్రం కొట్టండి. ముదిరిన పురుగుపై కొట్టి పనికిరాదనడం మందుకు అన్యాయమే. గడ్డి ముందే కోయించండి; కొట్టాక వెంటనే కోస్తే మందు పట్టిన ఆకులే పోతాయి.