పాట వినపడితే చాలు, మందు గుర్తొస్తోంది. పాటలు కూడా మానేయాలా?

మూడోపాట:
మందు మానేసి ఈ రోజుకి 74 రోజులు. మొదటి వారం డాక్టరు దగ్గరే ఉన్నాను. వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం అన్నీ అక్కడే అయ్యాయి. గండం గడిచిందనుకున్నాను.

నేను ఒంటరిగా తాగేవాణ్ణి. రాత్రి తొమ్మిదిన్నరకి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటే ప్లేలిస్ట్, 31 పాటలు. మూడో పాట అయ్యేసరికి మొదటి గ్లాసు ఖాళీ. పదకొండేళ్లు అదే వరస. మొన్న లిఫ్టులో ఎవరిదో ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఆ మూడో పాటే. నోట్లో నీళ్లూరాయి. కిందికి దిగేలోపు షాపు ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో లెక్క కూడా వేసేశాను. తాగలేదు. కానీ భయమేసింది.

ప్లేలిస్ట్ తీసేశాను. తర్వాత పాటలే మానేశాను. ఇప్పుడు తొమ్మిదిన్నరకి ఇల్లంతా నిశ్శబ్దం, అదింకా ఘోరంగా ఉంది. పాటలు నాకు మందు కంటే ముందు నుంచీ ఉన్నాయి. వాటినీ వదిలేయాల్సిందేనా?

ఆరేళ్లయింది:
నోట్లో నీళ్లూరడం మీ బలహీనత కాదండీ. పావ్లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త తన కుక్కలకి తిండికి ముందు రోజూ ఒకే చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకి ఉత్త చప్పుడికే లాలాజలం కారింది. మీరు పదకొండేళ్లు అదే ప్రయోగం మీమీదే చేసుకున్నారు.

ఇంకోటి. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు పాటలు వినేవాళ్ల మెదడు స్కాన్ చేశారు. బాగా నచ్చిన ఘట్టం రాకముందే, అదిగో వస్తోంది అనుకునేటప్పుడే డోపమైన్, అంటే కోరికతో, ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం, విడుదలవుతోందని తేలింది. అంటే మీకు రెండో పాట చివర్లోనే మొదలవుతుంది. మూడోది ఒక్కటే తీసేస్తే సరిపోదు, ఆ వరసే పోవాలి.

నేను పాటలు మానలేదు, వాటి వేళ మార్చాను. పొద్దున, నడుస్తూ, అంతకుముందు ఎప్పుడూ వినని పాటలు. హెడ్‌ఫోన్స్ ఎవరికో ఇచ్చేశాను. చెవులు మూసుకుని ఒంటరిగా కూర్చుంటేనే నాకు సగం తాగినట్టు. పాత పాటల జోలికి ఏడాదిన్నర పోలేదు.

కోరిక పుట్టినప్పుడు గడియారం చూడండి. అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త దాన్ని కెరటంతో పోల్చాడు. లేస్తుంది, విరుగుతుంది. దాంతో కుస్తీ పట్టకుండా ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ ఉండాలి. నాకు గొంతులో తెలిసేది. ఇరవై నిమిషాలు దాటిన రోజులు తక్కువ.

జీతంరోజు:
నాది నిద్రమాత్రల గొడవ. నాకు పాటలతో ఏమీ లేదు, జీతం పడిన మెసేజ్ మోత వింటేనే కాళ్లు మెడికల్ షాపు వైపు లాగేవి. ఇప్పుడు జీతం అక్క ఖాతాకి వెళ్తుంది, ఖర్చుకి తను ఇస్తుంది. చిన్నపిల్లనైపోయానని మొదట్లో ఏడ్చాను కూడా. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింట్లో రెండు కలిసిన రోజున ఏ మోతా అక్కర్లేదు, ఊరికే గుర్తొస్తుంది. మీ తొమ్మిదిన్నరకి ఆ నాలుగూ ఉన్నట్టున్నాయి. భోజనం ఎన్నింటికి చేస్తున్నారు?

సూటిగా:
ఇంత ఎందుకు? ఆ పాటే కూర్చుని వందసార్లు వినండి. విసుగొచ్చి పోతుంది.

ఆరేళ్లయింది:
ఒంటరిగా, అందులోనూ 74వ రోజున, అస్సలు వద్దు. తిండి పెట్టకుండా చప్పుడొక్కటే వినిపిస్తే పావ్లోవ్ కుక్కలకి లాలాజలం ఆగింది, నిజమే. కొంత విరామం ఇచ్చి మళ్లీ వినిపిస్తే మళ్లీ కారింది. మాసిపోయినట్టుంటుంది గానీ చెరిగిపోదు. చేయాలంటే కౌన్సెలర్ ఎదుట చేయండి. నేను మూడో నెలలో ఇంట్లో కూర్చుని నన్ను నేను పరీక్షించుకున్నాను. ఆ రాత్రి ఏమైందో చెప్పక్కర్లేదనుకుంటా. మర్నాడు మళ్లీ ఒకటి నుంచి లెక్క.

మూడోపాట:
భోజనం పదింటికి. అంటే తొమ్మిదిన్నరకి ఖాళీ కడుపే. ఇది నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. నిన్నటి నుంచి ఎనిమిదికే తినేస్తున్నాను.

ఆటోప్లే ఆపేశాను, అది ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. పొద్దున మా అబ్బాయి వినే పాటలు వాడితోపాటే హాల్లో స్పీకర్లో విన్నాను. ఒక్కటీ నచ్చలేదు. నా మొహం చూసి వాడు తెగ నవ్వాడు. రేపు ఇంకో నాలుగు వినిపిస్తానన్నాడు.