కాయిల్‌గన్ లెక్క: కెపాసిటర్ల బరువే 32 కిలోలు దాటుతోంది

సెమినార్ కోసం 5.56 ఎంఎం రైఫిల్‌కు బదులు కాయిల్‌గన్ (తీగచుట్టల్లో కరెంటు పంపి, ఆ అయస్కాంత బలంతో బుల్లెట్‌ను విసిరే తుపాకి) పనికొస్తుందా అని కాగితం మీద లెక్క వేస్తున్నాను. 4 గ్రాముల బుల్లెట్, సెకనుకు 900 మీటర్లు అంటే 1,620 జౌల్స్. సామర్థ్యం (ఇచ్చిన విద్యుత్తులో బుల్లెట్‌కు చేరే భాగం) 5 శాతం అనుకుంటే షాట్‌కు 32,400 జౌల్స్ కావాలి. ఆ శక్తిని నిల్వ చేసి ఒక్కసారిగా వదిలే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు గ్రాముకు 1 జౌల్ వేసినా (అదీ ఉదారంగానే) 32 కిలోలు. భుజాన వేసుకోవాలా, బండి మీద తోసుకెళ్లాలా!

లిథియం బ్యాటరీలతో చూశాను. శక్తి సరిపోతుంది గానీ అర మీటరు గొట్టంలో బుల్లెట్ ఉండేది 1.1 మిల్లీసెకనే, అంతలో అవి ఇవ్వలేవు. సూపర్ కెపాసిటర్లూ అంతర్గత నిరోధం (కరెంటును అంత వేగంగా బయటికి రానివ్వదు) దగ్గరే ఆగిపోయాయి. 2010లో అమెరికా నేవీ పరీక్షించిన 33 మెగాజౌల్స్ రైల్‌గన్ (రెండు పట్టాల మధ్య కరెంటుతో గుండును తోసే ఫిరంగి) ఓడల కోసం ఉద్దేశించినది, దాని అంకెలు ఇక్కడికి అతకవు.

అంతా ఆ 5 శాతం మీదే ఉంది. చాలా దశల (వరుసగా అనేక కాయిల్స్ ఉన్న) చిన్న కాయిల్‌గన్‌కు ఈ వేగం దగ్గర వాస్తవంగా ఎంత సామర్థ్యం వేసుకోవచ్చు?