పాత ఆర్కేడ్ బోర్డు: ప్రోటోటైపా, కాపీ బోర్డా? ఎవరైనా చెప్పగలరా

అందరికీ నమస్తే. పాత ఆర్కేడ్ గేముల బోర్డులు కొంటుంటాను, ఈ మధ్య పేరు కూడా లేని ఒక జెడ్80 (ఆ కాలపు 8-బిట్ ప్రాసెసర్) బోర్డు చేతికొచ్చింది. ఈప్రామ్ చిప్‌ల (గేమ్ ప్రోగ్రామ్ ఉండే, అతినీలలోహిత కాంతితో చెరిపేయగల మెమరీ) మీద ఫ్యాక్టరీ లేబుళ్లు లేవు, అన్నీ పెన్నుతో రాసిన స్టిక్కర్లే (అందుకే విడుదలకు ముందటి ప్రోటోటైపో, అనుమతి లేని కాపీనో అని అనుమానం), అందులో ఒకటి అంచు లేచిపోయి కింద గాజు కిటికీ కనిపిస్తోంది (ఎండ తగిలితే డేటా చెరిగిపోతుందని టెన్షన్, ప్రస్తుతానికి నల్ల టేపు వేశాను). చిప్‌ల మీది తయారీ తేదీ కోడ్‌లు చాలావరకు 8334, అంటే 1983లో 34వ వారం. ఒక్క చిప్ మీద మాత్రం 8502 ఉంది. అది తర్వాత రిపేర్‌లో మార్చిందా, లేక బోర్డే 1985లో తయారైందా?

నాకు అసలు కావాల్సింది గేమ్ ఎవరు చేశారన్నది. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు చాలావరకు ప్రోగ్రామర్ల పేర్లు బయటపెట్టేవి కావు, పోటీవాళ్లు ఎగరేసుకుపోతారని భయం. అందుకే హైస్కోర్ పట్టికలో ముందే ఉండే మూడక్షరాల పేర్ల (ఇనీషియల్స్) మీదే నా ఆశంతా, కానీ అవి టీమ్ వాళ్లవేనని తేల్చేదెలా? పవర్ ఇంకా ఇవ్వలేదు, ముందు రోమ్ డంప్ చేసుకోవడమే (చిప్‌లలోని డేటాను కంప్యూటర్‌లోకి కాపీ చేయడం) మేలంటారా? డంప్‌లో అక్షరాలు ఆస్కీలో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే ప్రామాణిక కోడ్) కాకుండా టైల్ నంబర్లుగా (తెరపై గీసే చిన్న బొమ్మ ముక్కల వరుస సంఖ్యలు) ఉంటే మీరెలా చదువుతారో కాస్త వివరంగా చెప్పండి.