టీస్ రిపోర్ట్‌లో 77.3 శాతం, 81 పర్సెంటైల్: కాలేజీ చూసేది ఏది?

ప్రశ్న:

అమెరికాలో బీఎస్‌ఎన్ (నాలుగేళ్ళ నర్సింగ్ డిగ్రీ) అడ్మిషన్ కోసం రాసిన టీస్ 7 రిపోర్ట్ గురించి అడుగుతున్నానండి. ఇది ఏటీఐ అనే సంస్థ పెట్టే నర్సింగ్ ప్రవేశ పరీక్ష. టోటల్ 77.3 శాతం. విడిగా చూస్తే రీడింగ్ 87.2, మ్యాథ్స్ 85.3, సైన్స్ 54.5, ఇంగ్లిష్ 87.9. పక్కనే నేషనల్ పర్సెంటైల్ 81, ప్రోగ్రామ్ పర్సెంటైల్ 76 అని ఇంకో రెండు అంకెలు. లెవెల్ దగ్గర ప్రొఫిషియెంట్ అని ఉంది.

నాలుగు సెక్షన్లు కూడి నాలుగుతో భాగిస్తే 78.7 వస్తోంది. రిపోర్ట్‌లో మాత్రం 77.3 ఉంది. తప్పు పడిందా? అప్లై చేద్దామనుకుంటున్న కాలేజీల్లో ఒకటి "టోటల్ 75 ఉంటే చాలు" అంటోంది, ఇంకొకటి "ప్రతి సెక్షన్‌లో 60 ఉండాలి" అంటోంది, మూడోది టీస్ కాకుండా హెసీ ఏ2 అనే ఇంకో ప్రవేశ పరీక్ష అడుగుతోంది. మళ్ళీ రాయాలా వద్దా అన్నది తేలడం లేదు.

జవాబు 1:

తప్పేమీ పడలేదండి. టోటల్ అంటే నాలుగు శాతాల సగటు కాదు. నాలుగు సెక్షన్లలో ప్రశ్నల సంఖ్య వేరు కాబట్టి ఎక్కువ ప్రశ్నలున్న సెక్షన్ టోటల్‌ని ఎక్కువగా లాగుతుంది.

టీస్ 7లో మొత్తం 170 ప్రశ్నలు కనిపిస్తాయి కానీ మార్కులు 150కే. మిగతా 20 ముందు ముందు పరీక్షల్లో వాడడానికి పరీక్షించి చూసుకునేవి. ఏవి ఆ 20 అన్నది రాసేటప్పుడు గుర్తుపట్టలేం, అందుకే ఏదీ వదలకూడదు. పైగా తప్పు రాస్తే మార్కు కోయరు. మార్కులున్నవి రీడింగ్‌లో 39, మ్యాథ్స్‌లో 34, సైన్స్‌లో 44, ఇంగ్లిష్‌లో 33.

ఇప్పుడు మీ శాతాలను వెనక్కి లెక్కేయండి. 39కి 34, 34కి 29, 44కి 24, 33కి 29. కూడితే 116. 150కి 116 అంటే 77.3. మీకు అన్నిటికన్నా తక్కువ వచ్చిన సైన్సే అన్నిటికన్నా పెద్ద సెక్షన్, అందుకే టోటల్ మీ సగటు కన్నా కిందికి దిగింది. ఒక మాట: పేపర్ కష్టాన్ని బట్టి ఏటీఐ స్కోరును కాస్త సర్దుబాటు చేస్తుంది. దాన్నే రిపోర్ట్‌లో అడ్జస్టెడ్ స్కోర్ అంటారు. కాబట్టి ఈ వెనక లెక్క అందరికీ దశాంశంతో సహా కుదరకపోవచ్చు. అంచనాకి మాత్రం బాగా పనికొస్తుంది.

జవాబు 2:

పర్సెంటైల్ గురించి చెప్తాను, అందరూ తికమకపడేది అక్కడే.

77.3 శాతం అంటే పేపర్‌లో మీరెంత సరిగ్గా రాశారన్నది. 81 పర్సెంటైల్ అంటే పోల్చి చూసిన అభ్యర్థుల్లో 81 శాతం మంది మీ స్కోరు దగ్గరో అంతకన్నా కిందో ఉన్నారని. మీకు 81 మార్కులొచ్చాయని కాదు. అప్లికేషన్ ఫారంలో "టీస్ స్కోర్" అన్న గడిలో 81 రాసేవాళ్ళున్నారు. ఏటీఐ పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (అధికారిక స్కోరు పత్రంలో) 77.3 కనిపించగానే రెండూ సరిపోలలేదని ఫైల్ పక్కన పెట్టే ప్రమాదం ఉంటుంది.

నేషనల్ అంటే దేశం మొత్తం మీద టీస్ రాసినవాళ్ళతో పోలిక. ప్రోగ్రామ్ అంటే మీలాగే బీఎస్‌ఎన్ రకం కోర్సుల కోసం రాసినవాళ్ళతో పోలిక. ఏడీఎన్‌కి (రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీకి) రాసేవాళ్ళకి ఆ గుంపు వేరు. మీది 81 నుంచి 76కి దిగిందంటే మీ పోటీ గుంపు కాస్త గట్టిదని అర్థం, మీరు బాగా రాయలేదని కాదు.

ప్రొఫిషియెంట్ అన్న పేరు పట్టుకుని సంతోషపడొద్దు, బెంగపడొద్దు. డెవలప్‌మెంటల్, బేసిక్, ప్రొఫిషియెంట్, అడ్వాన్స్‌డ్, ఎగ్జెంప్లరీ అని ఐదు మెట్లు. ఇవి ఏటీఐ పెట్టిన పేర్లే. టీస్‌లో పాస్, ఫెయిల్ అన్నవి అసలు లేవు, కటాఫ్ పెట్టేది కాలేజీ. కొన్ని కాలేజీలు లెవెల్ పేరుతోనే కటాఫ్ చెప్తాయి, కొన్ని శాతంతో, కొన్ని పర్సెంటైల్‌తో. అందుకే అడ్మిషన్ పేజీలో "75" అని కనిపిస్తే, దాని పక్కన ఏ మాట ఉందో చదవాలి. 75 శాతం వేరు, 75వ పర్సెంటైల్ వేరు. మీకు అదృష్టవశాత్తు రెండూ దాటాయి.

అడిగినవారు:

చాలా స్పష్టంగా చెప్పారు, థాంక్స్ అండి. అయితే మొదటి కాలేజీకి ఇబ్బంది లేదు, రెండోదానికి సైన్స్ ఒక్కటే అడ్డం. ఆ ఒక్క సెక్షన్ మళ్ళీ రాసే వీలుందా? సైన్స్‌లో దేని మీద కూర్చోవాలి?

జవాబు 3:

ఒక్క సెక్షన్ విడిగా రాసే ఏర్పాటు మీద ఆశ పెట్టుకోకండి. పరీక్ష మొత్తం మళ్ళీ రాయాలనే లెక్కతో సిద్ధమవ్వండి. ఫీజు కట్టే ముందు రెండో కాలేజీని మెయిల్‌లో నాలుగు విషయాలు అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. రెండు సార్లు రాస్తే మంచి స్కోరు తీసుకుంటారా, చివరిది తీసుకుంటారా? వేర్వేరు సార్లు రాసిన సెక్షన్లను కలుపుతారా, అన్నీ ఒకే సారివి కావాలా? ఎన్ని సార్లు రాయనిస్తారు, మధ్య ఎన్ని రోజుల గడువు ఉండాలి? స్కోరు ఎంతకాలం చెల్లుతుంది? వేరే సెంటర్‌లో రాసినదాన్ని కూడా ఒక ప్రయత్నం కింద లెక్కేసే కాలేజీలున్నాయి. చివరిదే తీసుకుంటామన్నారనుకోండి, ఇప్పుడున్న 87 రీడింగ్‌ని కూడా మళ్ళీ నిలబెట్టుకోవాలి, సైన్స్ ఒక్కటే చదివి వెళ్తే దెబ్బ తింటారు.

మీకు కావలసింది ఎంతో చూడండి. 44కి 26 అయితే 59.1, ఇంకా లోపలికి రారు. 27 అయితే 61.4. అంటే 24 నుంచి 3 ప్రశ్నలు. కానీ 27 మీద గురి పెడితే పేపర్ కాస్త కష్టమొచ్చినా జారిపోతారు, 31 మీద గురి పెట్టండి. మిగతావి అలాగే ఉంటే టోటల్ 123, అంటే 82.0.

ఆ 7 ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయంటే: సైన్స్ 44లో అనాటమీ, ఫిజియాలజీకే 18. బయాలజీ 9, కెమిస్ట్రీ 8, సైంటిఫిక్ రీజనింగ్ 9. రిపోర్ట్ చివర "టాపిక్స్ టు రివ్యూ" అని ఒక జాబితా ఉంటుంది. మీరు తప్పు చేసిన ప్రశ్నలు చూపించరు గానీ అవి ఏ టాపిక్‌వో అందులో ఉంటాయి. ముందు దాన్ని ప్రింట్ తీసుకుని ఈ నాలుగు గుంపులుగా విడదీయండి. ఆ తర్వాతే పుస్తకం తెరవండి.

అనాటమీలో పేర్లు బట్టీ పట్టినవాళ్ళు పోగొట్టుకునేది వరస అడిగే ప్రశ్నల్లో. గుండెలో రక్తం దారి తీసుకోండి: కుడి ఏట్రియం, ట్రైకస్పిడ్ వాల్వ్, కుడి వెంట్రికల్, పల్మనరీ వాల్వ్, పల్మనరీ ఆర్టరీ, ఊపిరితిత్తులు, పల్మనరీ వెయిన్లు, ఎడమ ఏట్రియం, మైట్రల్ వాల్వ్, ఎడమ వెంట్రికల్, అయోర్టిక్ వాల్వ్, అయోర్టా. ఆర్టరీ అంటే ఆక్సిజన్ ఉన్న రక్తం అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు పల్మనరీ ఆర్టరీ దగ్గర బోల్తా పడతారు. ఆర్టరీ అంటే గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది, అంతే. ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తంలో ఆక్సిజన్ తక్కువే ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి, పుస్తకం మూసి, మళ్ళీ గీయండి. కిడ్నీలో నెఫ్రాన్‌కీ ఇదే పద్ధతి. కెమిస్ట్రీలో పీహెచ్ తరచూ దొర్లే తప్పు: పీహెచ్ 4, పీహెచ్ 6 కన్నా 2 రెట్లు కాదు, 100 రెట్లు ఆమ్లం. ఒక్కో మెట్టుకి 10 రెట్లు.

టైమ్ కూడా చూసుకోండి. సైన్స్‌లో 50 ప్రశ్నలకి 60 నిమిషాలు, ప్రశ్నకి 72 సెకన్లు. ఇంగ్లిష్‌లో 37 ప్రశ్నలకి 37 నిమిషాలే, ప్రశ్నకి 60 సెకన్లు. అది చివర్లో వస్తుంది, అలసటతో అక్కడ మార్కులు జారకుండా ప్రాక్టీస్ టెస్టులు నాలుగు సెక్షన్లూ కలిపి ఒకే కూర్చోవడంలో రాయండి.

జవాబు 4:

పైవారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కటాఫ్ దాటడం వేరు, సీటు రావడం వేరు. 75 చాలన్న మొదటి కాలేజీ అప్లికేషన్లను పాయింట్లతో ర్యాంక్ చేస్తుందేమో కనుక్కోండి. చేస్తుంటే ముందు లెక్క వేసుకోండి. ఉదాహరణకి జీపీఏకి 60, టీస్‌కి 40 అనుకుందాం. జీపీఏ 4కి 3.6 అంటే 90 శాతం, దానికి 54 పాయింట్లు. టీస్ 77.3కి 30.92. మొత్తం 84.92. టీస్ 82 చేస్తే 32.8, అంటే పెరిగేది 1.88. అదే 20 క్రెడిట్ల ప్రీరిక్విజిట్లలో (అడ్మిషన్‌కి ముందు పూర్తి చేయాల్సిన కోర్సుల్లో) 4 క్రెడిట్ల కోర్సు ఒకటి బీ నుంచి ఏ అయితే జీపీఏ 3.8, పాయింట్లు 57, అంటే 3 పెరుగుతాయి. ఇంకా పూర్తికాని ప్రీరిక్విజిట్ ఏదైనా ఉంటే దాన్ని నిర్లక్ష్యం చేసి టీస్ కోసం పరిగెత్తకండి. అయితే రెండో కాలేజీ మీకు ముఖ్యమైతే ఈ లెక్క వర్తించదు. సెక్షన్‌కి 60 లేకపోతే అక్కడ ఫైల్ ముందుకి కదలదు, కాబట్టి మళ్ళీ రాయాల్సిందే.

హెసీ ఏ2ని టీస్‌తో పోల్చొద్దు. అది ఎల్సెవియర్ వాళ్ళ పరీక్ష. ఏ సెక్షన్లు రాయాలో కాలేజీయే నిర్ణయిస్తుంది, ఒకచోట కెమిస్ట్రీ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. లెర్నింగ్ స్టైల్, పర్సనాలిటీ భాగాలకి మార్కులుండవు. టీస్‌లో 77 వచ్చింది కాబట్టి హెసీలో ఇంత వస్తుందని చెప్పే మార్పిడి పట్టిక ఏదైనా కనిపిస్తే నమ్మకండి. ఆ కాలేజీ సెక్షన్ల జాబితా తీసుకుని విడిగా చదవాలి.

ఇంకొకటి, స్క్రీన్ మీద కనిపించే రిపోర్ట్‌ని పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేస్తే చాలదు. సాధారణంగా ఏటీఐ నుంచి నేరుగా వచ్చే అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు. మళ్ళీ రాస్తే కొత్త స్కోరు దానంతటదే చేరిపోయిందని అనుకోకుండా, గడువుకి వారం ముందే అడ్మిషన్ ఆఫీస్‌కి ఫోన్ చేసి ఫైల్‌లో ఏ తేదీ స్కోరు ఉందో అడగండి.